మన డిసెంబర్ వేడికి తగ్గ వెన్న బిస్కెట్లు

ఇంగ్లిష్ బేకింగ్ పుస్తకం ఏది తెరిచినా మొదట ఉండే మాట ఒకటే: వెన్న ఫ్రిజ్‌లోంచి తీసి, గది వేడికి వచ్చేదాకా బయట ఉంచండి. ఆ పుస్తకాలు రాసినవాళ్ల గదుల్లో డిసెంబర్‌లో ఉండేది 18, 20 డిగ్రీలు. విజయవాడలో మా వంటింట్లో అదే నెల మధ్యాహ్నంపూట 30కి దగ్గర. వెన్నేమో 35 డిగ్రీలొచ్చేసరికి పూర్తిగా కరిగి నూనైపోతుంది. పుస్తకంలో రాసినట్టు గంటసేపు బయట పెట్టామా, ఇక ఆ బిస్కెట్లు ఓవెన్‌లో ఆకారం నిలబెట్టుకోవు. ట్రే అంతా అప్పడంలా పరుచుకుపోతాయి. క్రిస్మస్‌కి మొదటిసారి బిస్కెట్లు చేసి, అలా అయినందుకు ఉసూరుమనేవాళ్లను ఏటా చూస్తుంటాను. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మా ఇళ్లలో క్రిస్మస్ పిండివంటలంటే అరిసెలు, గులాబీ పువ్వులు, జంతికలు. అవి లేని పండగ నాకు పండగే కాదు. వాటితోపాటు నేను చేసేది షార్ట్‌బ్రెడ్. స్కాట్లాండ్ వాళ్ల వెన్న బిస్కెట్. గుడ్డు అక్కర్లేదు, వంటసోడా అక్కర్లేదు. గుడ్డు ముట్టని పొరుగింటివాళ్లకి కూడా ప్లేటు నిండా పంపొచ్చు.

వెన్న ఖరీదైన రోజుల్లో స్కాట్లాండ్‌లో ఇది పండగపూటే చేసుకునే వంట. క్రిస్మస్ కన్నా కొత్త సంవత్సరానికే ఎక్కువ చేసేవాళ్లు. అక్కడి ప్రొటెస్టెంట్ సంఘం చాలాకాలం క్రిస్మస్‌ని పండగగా ఒప్పుకోలేదు. 1958 దాకా అక్కడ డిసెంబర్ 25 సెలవు కూడా కాదు. డిసెంబర్ 31 అర్ధరాత్రి దాటాక గడపలో అడుగుపెట్టే మొదటి అతిథి బొగ్గుముక్క, విస్కీ, షార్ట్‌బ్రెడ్ లాంటివి చేత్తో పట్టుకొస్తే ఆ ఇంటికి ఏడాదంతా మంచిదని నమ్మకం. మన దగ్గర రాత్రిళ్లు వచ్చేది కేరల్స్ బృందం. పాట అయ్యాక వాళ్ల చేతుల్లో పెట్టాల్సింది మనం. డోలక్ చంకన పెట్టుకున్న కుర్రాడొకడు బిస్కెట్ కొరికి, "ఆంటీ, ఏ బేకరీలో కొన్నారు?" అన్నాడు. "మనింట్లోవే నాన్నా" అంటే ఇంకోటి తీసుకున్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి!

కొలత నోటికొచ్చేంత తేలిక: పంచదార 100 గ్రాములు, వెన్న 200, పిండి 300. గిన్నెలతో కాకుండా తూకంతోనే కొలవండి. పిండిలో 50 గ్రాములు మైదాకి బదులు పొడి బియ్యప్పిండి వేస్తాను. స్కాట్లాండ్‌లోనూ ఇలా బియ్యప్పిండి కలిపే పద్ధతి ఉంది. బిస్కెట్ కరకరలాడుతుంది. పసుపుపచ్చ వెన్న చాలావరకు ఉప్పు కలిపిందే కాబట్టి విడిగా ఉప్పు వద్దు. వనస్పతి కొంత వేడికి ఆగుతుంది, బిస్కెట్ ఆకారమూ చక్కగా వస్తుంది. కానీ వెన్న వాసన ఉండదు. ఆ వాసన కోసమే కదా ఇంత శ్రమ.

వెన్నని చిన్న ముక్కలుగా కోసి పది నిమిషాలు ఆగండి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి మాత్రం నూనె మెరుపు అంటకూడదు. అదే గుర్తు. అప్పుడు మిక్సీలో పొడి చేసిన పంచదార వేసి కలిపి, ఆ తర్వాత పిండి వేయండి. ఇక్కడ చపాతీ పిండిలా మర్దించాలనిపిస్తుంది. వద్దు. మైదా తడి తగిలి, పిసికేకొద్దీ సాగుతుంది. చపాతీకి ఆ సాగుడే కావాలి. బిస్కెట్‌కి అదే చేటు. వెన్న పిండి రేణువులకి పట్టి తడి తగలనివ్వదు కాబట్టే బిస్కెట్ గుల్లగా విరుగుతుంది. వేళ్ల కొసలతో దగ్గరికి చేర్చి, బటర్ పేపర్‌లో పొడవాటి రోల్‌గా చుట్టి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. మన ఊళ్లలో ఈ గంట ఎగ్గొట్టడానికి లేదు.

ఓవెన్ 160 డిగ్రీలకి ముందే వేడెక్కి ఉండాలి. రోల్‌ని సెంటీమీటరు మందాన బిళ్లలుగా కోసి, ట్రేలో ఎడం ఎడంగా పేర్చి, చల్లగా ఉండగానే లోపల పెట్టండి. చాలా ఓవెన్లలో వెనకవైపు సెగ ఎక్కువ. సగంలో ట్రేని ఒకసారి తిప్పండి. 20 నిమిషాలు దాటాక కంటితో చూస్తుండాలి. అంచులు లేత బంగారు రంగుకి వచ్చి, నడుమ ఇంకా తెల్లగా, మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలి. పచ్చిగా ఉన్నాయేమోనని భయం వద్దు. చల్లారేకొద్దీ వెన్న మళ్లీ గట్టిపడుతుంది, దాంతో బిస్కెట్టూ బిగుస్తుంది. పది నిమిషాలదాకా ట్రేలోంచి కదపకండి, విరిగిపోతాయి.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత బిగించాలి. కోస్తా గాలికి మెత్తబడితే 150 డిగ్రీల్లో అయిదు నిమిషాలు పెట్టి ఆరనిస్తే మళ్లీ కరకరలాడతాయి. పండగ ముందు తీరిక ఉండదనుకుంటే డిసెంబర్ మొదట్లోనే రోల్స్ చుట్టి ఫ్రీజర్‌లో పడేయండి, నెలదాకా చెడవు. కావలసినప్పుడు కత్తి దిగేంత మెత్తబడనిచ్చి కోసుకోండి. మామూలు కన్నా రెండు మూడు నిమిషాలు ఎక్కువ కాల్చాలి, అంతే.