చిన్న యాత్రా బ్లాగుతో నిజంగా ఎంత సంపాదించవచ్చు? భోపాల్‌పట్నం దారిలో ఒక లెక్క

హైదరాబాద్ నుంచి భువనగిరి, వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ జాతీయ రహదారి ముల్లకట్ట వద్ద గోదావరిని దాటుతుంది. ఆ తరువాత ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశించి, సుమారు 300 కిలోమీటర్ల ప్రయాణం ముగిసేసరికి భోపాల్‌పట్నం చేరుతుంది. బస్తర్ ప్రాంతంలోని బీజాపుర్ జిల్లాకు చెందిన ఈ చిన్న పట్టణంలో తెలుగు, హిందీ, గోండి, దోర్లి భాషలు వినిపిస్తాయి. ఒకప్పుడు ఇది బస్తర్ సంస్థానంలో ఒక జమీందారీ. దీనికి సమీపంలోని భద్రకాళి గ్రామం వద్ద ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది.

ఈ దారిని, ఈ ఊళ్లను గురించి తెలుగులో రాస్తూ, చిత్రాలు ప్రచురిస్తూ ఒక వ్యక్తి జీవనం సాగించగలరా? యాత్రా కథనాలతో లక్షలు ఆర్జించవచ్చన్న ప్రచారం సామాజిక మాధ్యమాలలో తరచుగా కనిపిస్తుంది. కానీ చిన్న బ్లాగుకు డబ్బు ఏ మార్గాలలో వస్తుందో, ఎంత వస్తుందో, అందుకు ఏ నియమాలు వర్తిస్తాయో విడివిడిగా చూస్తే భిన్నమైన చిత్రం కనిపిస్తుంది.

ప్రకటనల ఆదాయం ఎలా వస్తుంది?

సొంత బ్లాగు నడిపేవారికి మొదట తోచే మార్గం ప్రకటనలు. గూగుల్ సంస్థకు చెందిన యాడ్‌సెన్స్ ఇందులో ఎక్కువ ప్రచారంలో ఉంది. 2018లో ఈ సేవ తెలుగు భాషకు కూడా అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు పూర్తిగా తెలుగులో రాసే బ్లాగులకు ఈ మార్గంలో ఆమోదం లభించడం కష్టంగా ఉండేది.

బ్లాగులో ప్రకటనలకు కేటాయించిన చోటును ప్రకటనకర్తలు వేలంలో కొంటారు. వారు చెల్లించిన మొత్తంలో మధ్యవర్తుల వాటా పోగా, దాదాపు 68 శాతం బ్లాగు యజమానికి చేరుతుందని గూగుల్ చెబుతోంది. ఖాతాలో 100 డాలర్లు జమ అయిన తరువాతే సొమ్ము బ్యాంకుకు వస్తుంది. అంతకంటే తక్కువ ఉంటే అది తరువాతి నెలకు బదిలీ అవుతుంది.

చిన్న ఊళ్లలో ఉండేవారికి మరో మెట్టు ముఖ్యమైనది. ఖాతాలో 10 డాలర్లు చేరగానే చిరునామాను ధ్రువీకరించడానికి ఒక రహస్య సంఖ్యను సంస్థ సాధారణ తపాలా ద్వారా పంపుతుంది. అది చేరడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు నెలల్లోగా ఆ సంఖ్యను నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. కాబట్టి తపాలా సక్రమంగా అందే చిరునామాను మొదటి నుంచే ఇవ్వడం అవసరం.

కాగితం మీద లెక్క

వెయ్యి సార్లు పేజీ తెరిస్తే ఎంత ఆదాయం వస్తుందన్నది విషయాన్ని బట్టి, పాఠకుల దేశాన్ని బట్టి, ఋతువును బట్టి మారుతుంది. అందువల్ల ఒక ఊహాత్మక లెక్క తీసుకుందాం. ఒక చిన్న తెలుగు యాత్రా బ్లాగును నెలకు 5,000 సార్లు చూశారనుకుందాం. ప్రతి వెయ్యి వీక్షణలకు ఒక డాలర్ వచ్చిందనుకుందాం. అప్పుడు నెలకు 5 డాలర్లు వస్తాయి. డాలర్‌కు 85 రూపాయలు అనుకుంటే, ఆ మొత్తం 425 రూపాయలు.

ఈ వేగంతో 100 డాలర్లు చేరడానికి 20 నెలలు పడుతుంది. ఒక ప్రయాణానికి బస్సు ఛార్జీ, బస, భోజనం కలిపి 3,000 రూపాయలు ఖర్చయితే, ఆ ఒక్క ప్రయాణపు ఖర్చు తిరిగి రావడానికే ఏడు నెలలు కావాలి. సొంత డొమైన్ పేరుకు, సర్వర్ అద్దెకు ఏటా కట్టవలసిన రుసుము దీనికి అదనం. వీక్షణలు పది రెట్లు పెరిగినా నెల ఆదాయం 4,250 రూపాయలే అవుతుంది.

పైగా, వెతికిన ప్రశ్నకు సమాధానాన్ని సెర్చ్ ఇంజిన్లు ఇప్పుడు కృత్రిమ మేధ సాయంతో ఫలితాల పేజీలోనే చూపిస్తున్నాయి. ఊరి పేరు, దూరం, తెరిచి ఉండే వేళలు వంటి సాధారణ సమాచారం కోసం బ్లాగు దాకా వచ్చే పాఠకులు దీనివల్ల తగ్గుతారు.

వీడియోల మార్గం

చాలామంది తెలుగు యాత్రికులు రాత నుంచి వీడియోల వైపు మళ్లడానికి ఈ లెక్కే ఒక కారణం. అయితే అక్కడా ప్రవేశ నియమాలున్నాయి. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా పొందాలంటే 1,000 మంది చందాదారులు ఉండాలి. దానితోపాటు గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు గానీ ఉండాలి. పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌కు కేటాయించిన ఆదాయంలో 45 శాతం సృష్టికర్తకు దక్కుతుంది.

వీడియోకు కెమెరా, ఎడిటింగ్, మంచి ఇంటర్నెట్ కావాలి. సంకేతం సరిగా అందని అటవీ గ్రామాలలో చిత్రీకరించినవాటిని పట్టణానికి తిరిగి వచ్చాకే పంపగలరు. ఆ సమయం, ఆ ఖర్చు కూడా ఆదాయం నుంచి తీసివేయవలసినవే.

కమిషన్, ఉచిత బస, ప్రాయోజిత కథనం

రెండో మార్గం కమిషన్. బ్లాగులో ఇచ్చిన లింకు ద్వారా ఎవరైనా హోటల్ గది బుక్ చేసుకున్నా, వస్తువు కొన్నా, అమ్మకందారు కొంత శాతం చెల్లిస్తారు. చదివిన వ్యక్తి కొనుగోలు చేస్తేనే ఇందులో ఆదాయం ఉంటుంది. పెద్ద బుకింగ్ సైట్లలో కనిపించే బస సదుపాయాలు జగదల్‌పుర్ వంటి నగరాలతో పోలిస్తే సరిహద్దులోని చిన్న ఊళ్లలో తక్కువ. అందువల్ల ఈ మార్గం భోపాల్‌పట్నం వైపు కథనాలకు అంతగా ఉపయోగపడదు.

మూడో మార్గం ప్రాయోజిత కథనాలు. ఒక రిసార్టు ఉచితంగా బస ఇచ్చి, దాని గురించి రాయమనవచ్చు. ఇక్కడ చట్టం స్పష్టంగా ఉంది. డబ్బు గానీ, ఉచిత ప్రయాణం గానీ, బహుమతి గానీ తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతిని పాఠకులకు తెలియజేయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కథనం ఏ భాషలో ఉంటే ఆ వెల్లడి కూడా ఆ భాషలోనే, కంటికి కనిపించే చోటే ఉండాలి. తెలుగు కథనం అడుగున అర్థం కాని హ్యాష్‌ట్యాగ్ పెడితే సరిపోదు. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే అవకాశం ఉంది.

ఉచితంగా వచ్చినదానికీ పన్ను ఉంటుంది. 2022 జులై 1న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, వ్యాపారం లేదా వృత్తి కారణంగా ఒక ఆర్థిక సంవత్సరంలో 20,000 రూపాయలకు మించిన విలువ గల ప్రయోజనాలు అందితే, ఇచ్చే సంస్థ 10 శాతం పన్నును మూలంలోనే మినహాయించాలి. ప్రకటనలు, కమిషన్, ఉచిత యాత్రల విలువ అన్నీ ఆదాయం కిందికే వస్తాయి. ఖర్చుల రసీదులు భద్రపరచుకుంటేనే వాటిని ఆదాయం నుంచి తగ్గించి చూపగలరు.

వీరాస్వామి కాలం నాటి పాఠం

మరి చిన్న యాత్రా బ్లాగుకు విలువ ఎక్కడ ఉంది? తెలుగు యాత్రా రచనకు ఆద్యుడిగా చెప్పుకునే ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలోని విశేషాలను ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాస్తూ వచ్చారు. శ్రీనివాసపిళ్ల వాటిని 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించారు. మజిలీకీ మజిలీకీ మధ్య దూరమెంత, దారి ఎలా ఉంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, బస ఎక్కడ అన్న వివరాలు అందులో అడుగడుగునా కనిపిస్తాయి. వెనుక వచ్చే యాత్రికుడికి పనికివచ్చేలా రాయడం తెలుగులో అప్పటి నుంచే ఉన్న పద్ధతి.

నేటి చిన్న బ్లాగుకు కూడా ఆ బలమే మిగిలింది. ఉదాహరణకు, భోపాల్‌పట్నం దారిలో వాజేడు మండలంలోని బొగత జలపాతం వర్షాకాలంలోనే నిండుగా ఉంటుంది. భారీ వరద వస్తే అధికారులు అక్కడికి సందర్శకులను అనుమతించరు. జగదల్‌పుర్‌కు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఇంద్రావతి మీద ఉన్న చిత్రకోట్ జలపాతం వేసవిలో సన్నబడుతుంది. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వరదలలో నదీతీరపు రోడ్ల మీద రాకపోకలు నిలిచిపోతాయి. ఏ నెలలో ఏ దారి నమ్మదగినదో, సాయంత్రం చివరి బస్సు ఎన్ని గంటలకో, వారపు సంత ఏ రోజో ఆ ప్రాంతంలో తిరిగే మనిషికే సరిగా తెలుస్తుంది.

ఈ సమాచారం నేరుగా ప్రకటనల డబ్బుగా మారదు. దాన్ని చదివి నమ్మినవారు దారి చూపమని, ప్రయాణ ప్రణాళిక వేసిపెట్టమని, భాషలో సాయం చేయమని అడిగినప్పుడు పారితోషికం వస్తుంది. రెండు రోజుల సాయానికి ఒక కుటుంబం 2,000 రూపాయలు ఇచ్చిందనుకుంటే, పై ఊహాత్మక లెక్కలోని దాదాపు అయిదు నెలల ప్రకటనల ఆదాయంతో అది సమానం. పత్రికలకు రాయడం, ఫోటోలు అమ్మడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2025లో బస్తర్, సర్గుజా ప్రాంతాలపై ప్రత్యేక దృష్టితో హోమ్‌స్టే విధానాన్ని ఆమోదించింది. ఇంట్లో ఒక గది ఉన్నవారికి బ్లాగు ఆ గదికి అతిథులను తెచ్చే సాధనం కాగలదు.

ఆదాయం కంటే ముందు చూడవలసినవి

బస్తర్ గురించి రాయడంలో బాధ్యత కూడా పెద్దదే. బీజాపుర్ జిల్లా దశాబ్దాల పాటు మావోయిస్టులకూ భద్రతా బలగాలకూ మధ్య ఘర్షణను చూసింది. ఇంద్రావతి పులుల అభయారణ్యం వంటి చోట్లకు వెళ్లడానికి అటవీశాఖ అనుమతి కావాలి. వీక్షణల కోసం "ఎవరూ వెళ్లని చోటు" అంటూ ఒక గ్రామాన్ని చూపిస్తే, దాన్ని నమ్మి వచ్చే కొత్తవారికీ ఆ గ్రామస్తులకూ ఇబ్బంది కలగవచ్చు. శిబిరాలు, తనిఖీ కేంద్రాల చిత్రాలు తీయకపోవడం, ఆదివాసీ కుటుంబాల ఫోటోలను వారి అనుమతి లేకుండా ప్రచురించకపోవడం కనీస నియమాలు. ఒక నృత్యాన్ని గానీ, జాతరను గానీ చిత్రీకరించి ఆదాయం పొందినప్పుడు అందులో ఆ ఊరికి ఏమి దక్కిందన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

సొంత ఛానెల్ మీద ఆధారపడి పనిచేసేవారికి వెనుక సంస్థ అండ ఉండదన్న సంగతిని ఈ జిల్లాలోనే జరిగిన ఒక ఘటన గుర్తుచేసింది. 'బస్తర్ జంక్షన్' యూట్యూబ్ ఛానెల్ నడిపిన బీజాపుర్ పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న కనిపించకుండా పోయారు. జనవరి 3న సెప్టిక్ ట్యాంకులో ఆయన మృతదేహం దొరికింది. రోడ్డు నిర్మాణంలో అవినీతి గురించిన కథనం తరువాత ఈ హత్య జరిగింది. ఈ కేసులో ఒక గుత్తేదారు సహా పలువురిని పోలీసులు అరెస్టు చేశారు. ఆయన రాసింది వార్తలు, యాత్రా విశేషాలు కావు. అయినా ఇక్కడ దారి బాగోగులు రాయడం కూడా కొన్నిసార్లు వార్తే అవుతుంది.

మొదలుపెట్టాలనుకునేవారికి

ఉన్న ఉపాధిని వదులుకోకుండా, కనీసం ఒక ఏడాది బ్లాగును అదనపు పనిగా నడిపి చూడడం క్షేమం. ఉచిత వేదిక మీద మొదలుపెట్టి, పాఠకులు స్థిరపడిన తరువాతే సొంత డొమైన్‌కు ఖర్చు చేయవచ్చు. దేశమంతా తిరిగి పైపైన రాసే కథనాలకంటే, ఒకే ప్రాంతం గురించి రాసే పాతిక నమ్మకమైన కథనాలకు చదువరులు మళ్లీ మళ్లీ వస్తారు. ప్రతి కథనం మీద ప్రయాణించిన తేదీ వేయడం, దారులు మారినప్పుడు సవరించడం, డబ్బు తీసుకున్న చోట ఆ మాట చెప్పడం ఆ నమ్మకాన్ని నిలబెడతాయి.

ప్రతి నెలా ప్రకటనల ఆదాయం, కమిషన్, నేరుగా అందిన పారితోషికం, ఖర్చు అన్న నాలుగు పద్దులు విడిగా రాసుకుంటే, ఏడాది చివర ఏ మార్గం నిలబడిందో ఆ పద్దులే చెబుతాయి. చాలా చిన్న బ్లాగుల విషయంలో మొదటి పద్దు అన్నిటికంటే చిన్నదిగా ఉంటే ఆశ్చర్యపోనవసరం లేదు.