సూర్యాగ్నిని బంధింపవచ్చునా?

మన పాఠశాలలో పదార్థవిజ్ఞానము చదువు బాలబాలికలు తరచుగా నొక ప్రశ్న వేయుచుందురు. "సూర్యుని మండించు నింధనమెయ్యది? అది మనకును లభింపదా?" అని. ప్రశ్న చిన్నదే కాని ప్రత్యుత్తరము పెద్దది. దానిని మాకు చేతనైనంత సులభముగా నిచ్చట వివరింప యత్నింతుము.

సూర్యుడు కేవలము బొగ్గుముద్దయే యైనచో కొలది వేల యేండ్లలోనే కాలి బూడిద కావలసినది. ఉదజని పరమాణువులు కూడి హీలియముగా మారుటయే యీ తేజస్సునకు మూలమై యుండునని 1920లో ఎడింగ్టను అను ఆంగ్ల ఖగోళశాస్త్రజ్ఞుడు సూచించెను. 1939లో హాన్స్ బేతే యా మార్పు జరుగు క్రమమును గణితముతో వివరించెను. నాలుగు ఉదజని బీజములు కలిసి యొక హీలియము బీజమైనప్పుడు తూకములో నూటికి 0.7 వంతు తరుగును. ఆ తరుగు నశింపదు. ఐన్‌స్టీను సూత్రము ననుసరించి శక్తియగును. ఇట్లు సూర్యుడు సెకండునకు సుమారు 40 లక్షల టన్నులు తరుగుచు మనకు వెలుగునిచ్చుచున్నాడు.

ఇట్టి కార్యము భూమిపై నేల కష్టము? బీజములన్నియు ధనవిద్యుత్తు గలవి యగుటచే నొకదాని నొకటి త్రోసికొనును. వానిని కలుపవలెనన్న మహావేగము, అనగా మహోష్ణము, కావలెను. సూర్యగర్భమున 1.5 కోట్ల డిగ్రీల వేడిమియు, దానికి తోడు గొప్ప యొత్తిడియు గలవు. మనకా యొత్తిడి లేదు గావున 15 కోట్ల డిగ్రీల వేడిమి యవసరము. ఇనుమే సుమారు 1,540 డిగ్రీలకు కరగిపోవుచుండ, ఈ నిప్పును పట్టు పాత్ర యెచ్చట దొరకును?

అంత వేడిమిలో పరమాణువులు విడిపోయి ప్లాస్మా యను స్థితిని పొందును. అది విద్యుత్తుతో గూడినది యగుటచే నయస్కాంతబలమునకు లోబడును. 1950 ప్రాంతమున రష్యాలో టామ్, సఖరోవ్ అను శాస్త్రజ్ఞులు నడుమ చిల్లుగల గారెను బోలిన యొక గదిని యోచించిరి. దానినే టోకమాక్ అందురు. ప్లాస్మా గోడలను తాకకుండ నయస్కాంతములు దానిని నడుమనే నిలుపును. తాకెనా, వెంటనే చల్లారి నిప్పు ఆరిపోవును.

దీనికి ఇంధనములు రెండు. డ్యుటీరియమను భారమైన యుదజని సముద్రపు నీటిలో ఘనమీటరునకు సుమారు 33 గ్రాములు కలదు. రెండవదగు ట్రిటియము ప్రకృతిలో నత్యల్పము; 12.3 యేండ్లకు సగము తరిగిపోవును. కావున దానిని లిథియమునుండి చేసికొనవలెను. ఇవి రెండును కలిసినప్పుడు పుట్టు శక్తిలో నైదింట నాలుగు పాళ్లు న్యూట్రానులు గొనిపోయి గోడలను వేడిచేయును. ఆ వేడిమిచే నీరు కాచి, ఆవిరితో యంత్రచక్రమును త్రిప్పవలెను. న్యూట్రానుల తాకుడుచే గోడలకు కొంత రేడియోధార్మికత యబ్బుననియు చెప్పక తప్పదు.

ఇక సాధించినదెంత? రెండు దశాబ్దములలో నీ శక్తి మానవునకు వశమగునని 1955లో జెనీవా సభాధ్యక్షుడు హోమీ భాభా యాశించెను, అట్లు జరుగలేదు. 2023లో ఇంగ్లాండునందలి జెట్ యంత్రము 0.2 మిల్లీగ్రాముల యింధనమునుండి 69 మెగాజౌళ్ల శక్తి నిచ్చెను. కాని ప్లాస్మాను వేడిచేయుటకు పెట్టిన శక్తి యంతకంటె హెచ్చు. 2022 డిసెంబరులో అమెరికాలో లేసరు కిరణముల 2.05 మెగాజౌళ్లకు 3.15 మెగాజౌళ్లు వచ్చెను. అయితే యా లేసర్లు త్రాగిన విద్యుత్తు సుమారు 300 మెగాజౌళ్లు! గానుగెద్దుల గ్రాసము లెక్కింపక నూనెలో లాభము చెప్పుకొన్నట్లున్నది.

ఫ్రాన్సు దక్షిణమున కదరాష్‌లో ఇటర్ అను మహాయంత్రము నిర్మాణమందున్నది. 50 మెగావాట్ల తాపమునకు 500 మెగావాట్లు రాబట్టుట దాని యుద్దేశము. మన దేశమును 2005 నుండి యందు భాగస్వామియే. దానిని కప్పు 3,850 టన్నుల యుక్కుపాత్ర యొక్క భాగములు గుజరాతులోని హజీరాలో తయారై యోడలపై వెళ్లినవి. అయినను ఇటర్ సైతము విద్యుత్తు నిచ్చునది కాదు. మార్గము చూపునది మాత్రమే.

కావున ఈ విధముగా నిండ్లకు దీపము వెలిగించు కేంద్రము లోకమున నింతవరకు నొక్కటియు లేదు. సృష్టికర్త యాకసమున నుంచిన యగ్నిని మనుష్యుడు నేల మీద నిలుప యత్నించుచున్నాడు. ఇది యొక తరముతో ముగియు పని కాదు. గోడలకు తగిన లోహము, ట్రిటియము చేయు నుపాయము మున్నగు ప్రశ్నలింకను మిగిలియున్నవి. మమ్ము ప్రశ్నించిన బాలబాలికలకు మా ప్రత్యుత్తర మిదియే: ఆ యింధనము మన సముద్రమునందే యున్నది, దానిని మండించు విద్యను మీరు పూర్తిచేయవలసియున్నది.