రోట్లో దాగిన ఇంటిపేరు

మిఠాయికి పేరుపడ్డ ఊళ్ళో బోర్డులు చదవడం సరదాగా ఉంటుంది. ఒక కొట్టుమీద తలపాగాతో తాతగారి ఫొటో. నాలుగడుగులు వేస్తే ఇంకో కొట్టు, అదే తాతగారు, అదే తలపాగా. ఒకరు ‘అసలైన’ అని రాయించుకుంటే ఇంకొకరు ‘ఒరిజినల్’ అంటారు. అన్నదమ్ములు వేరుపడ్డారని మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

కాకినాడలో గొట్టం కాజాకి మనిషి పేరే పెట్టేశారు. చిట్టిపెద్ది కోటయ్య 1891లో మొదలుపెట్టిన వ్యాపారం గనక అది కోటయ్య కాజా. తాపేశ్వరం మడత కాజా అనగానే పోలిశెట్టి సత్తిరాజు పేరు వస్తుంది. ఇలాంటి చోట్ల వంశం కూపీ లాగడం తేలిక. బందరులో అలా కుదరదు. అక్కడి లడ్డూ వెనక కనిపించేది ఒక మనిషి కాదు, వలస వచ్చిన ఒక జనం.

వాళ్ళు బొందిలీలు. బుందేల్‌ఖండ్ నుంచి దక్షిణాదికి వచ్చినవారని, బొందిలి అన్న మాట కూడా బుందేలా నుంచే పుట్టిందని చెబుతారు. పేరు చివర సింగ్ ఉంటుంది, మాట్లాడేది బందరు తెలుగు. బందరు లడ్డూ తొలి చేతులు వాళ్ళవేనని ఊళ్ళో వాడుక. కులం పేరులో ఒక ప్రాంతమే దాక్కుని ఉంటే, ఆ ఇంటి పిల్లలు తమ ఊరేదో వెతకడానికి అంతకన్నా మంచి కొస ఏం కావాలి?

దీన్ని తొక్కుడు లడ్డూ అంటారు. కాళ్ళతో తొక్కుతారేమోనని పొరుగూరివాళ్ళు మొహం చిట్లిస్తారు గానీ, గోంగూర తొక్కులో ఉన్న తొక్కే ఇదీ. శనగపిండి కలిపి పూసలా వేయించి, రోట్లో పోసి దంచుతారు. జల్లెడ పడతారు. బెల్లం పాకం కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచుతారు. పిండి పలుకు నాలిక్కి తగలకుండా పోయేదాకా రోకలి ఆగదు. ఆ తర్వాతే ఉండ. బూందీ లడ్డూలా పొడిపొడిగా రాలదు, నోట్లో వెన్నలా జారుతుంది. ఎంతసేపు దంచాలన్నది కాగితంమీద రాసిపెట్టినా అక్కరకు రాదు, పక్కన నిలబడి చూసి నేర్చుకోవలసిందే. మిఠాయి పని తండ్రి నుంచి కొడుక్కి, మేస్త్రీ నుంచి కుర్రాడికి నడిచింది అందుకే.

కాగితాల మాటకొస్తే బందరుకి పెద్ద దెబ్బే తగిలింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరిమీద పడి, చుట్టుపక్కల కలుపుకుని 30 వేల మంది దాకా పోయారు. మనుషులే మిగలని ఇళ్ళల్లో దస్తావేజులు మిగులుతాయా! అయినా 2017లో బందరు లడ్డూకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కోరేవాళ్ళు వస్తువు ఎలా చేస్తారో చెప్తే చాలదు, పుట్టుపూర్వోత్తరాలకు ఆధారాలూ చూపించాలి. ఏ ఇంట్లోనూ ఒకచోట రాసిపెట్టని చరిత్ర అలా సర్కారు దస్త్రంలోకి ఎక్కింది.

మీ తాతలదీ మిఠాయి కొట్టే అయితే అటకమీదున్న చిట్టా ఆవర్జాలు పాత సామాన్లవాడికి వేసేయకండి. పెళ్ళి ఆర్డర్లలో ఏ ఊరితో చుట్టరికం ఉందో కనబడుతుంది. కాటా రాళ్ళకు ముద్ర వేయించిన రసీదులు, మున్సిపాలిటీ లైసెన్సులు, కొట్టు కొన్న దస్తావేజు, వీటిమీద తండ్రి పేరు, తేదీ ఉంటాయి. బోర్డుమీద వేసిన సంవత్సరాన్ని మాత్రం నేను అంత సులువుగా నమ్మను. వ్యాపారం పెరిగేకొద్దీ కొట్టు వయసూ పెరుగుతుంటుంది.

ఈ కాగితాల్లో ఎక్కడా ఆడవాళ్ళు కనబడరు. ఆత్రేయపురం పూతరేకుల సంగతే చూడండి. వాటికీ 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి, కుండమీద ఒక్క లాగు లాగి రేకు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. అక్కడికి వెళ్ళి ఈ కొట్టు ఎవరు పెట్టారని అడిగితే మగవాళ్ళ పేర్లు వస్తాయి. రేకు తీయడం ఎవరు నేర్పారని అడిగి చూడండి. అమ్మ అనో, అత్తగారు అనో వస్తుంది. ఆవిడకి నేర్పిందెవరో కూడా అడగండి. రెండు మూడు మెట్లు ఎక్కేసరికి ఇంటిపేరు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టుకోవచ్చు.