‘అరుగుదల’ అనే పదం - మోకాలి చికిత్సా మార్గాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మోకాలి నొప్పికి తెలుగువారు వాడే ‘అరుగుదల’ అనే పదం చికిత్స ఎంపికపైనా ప్రభావం చూపుతుంది. శస్త్రచికిత్స, పునరావాస చికిత్సలపై జరిగిన ప్రధాన పరిశోధనల వెలుగులో ఆ పదం కలిగించే భావన ఎంతవరకు సరైనదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: అరుగుదల, మృదులాస్థి, వ్యాయామ చికిత్స, కీలుమార్పిడి.

1. ప్రవేశిక:
‘మోకాలి గుజ్జు అరిగిపోయింది’ అన్న మాట తెలుగునాట తరచుగా వినిపించేదే. ‘అరుగు’ అనే క్రియ చెప్పుకు, గంధపు చెక్కకు, బండి చక్రానికి కలిగే మార్పును సూచిస్తుంది. వాడేకొద్దీ తరిగేది, తరిగినది తిరిగి రానిది అన్న అర్థం అందులో ఇమిడి ఉంది. ఈ మాట విన్న రోగి సహజంగానే రెండు అభిప్రాయాలకు వస్తాడు. ఒకటి, నడక తగ్గించాలి. రెండు, ఎప్పటికైనా కీలు మార్పించుకోవాలి. ఈ రెండింటి నడుమ ఉన్న చికిత్సా మార్గం అతని దృష్టికి రాకుండా పోతుంది.

2. కీలు నిర్మాణం - వ్యాధి స్వభావం:
మోకాలిలో ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పి ఉంటుంది. తొడ ఎముకకు, కాలి ఎముకకు నడుమ నెలవంక ఆకారంలో రెండు మెత్తలు ఉంటాయి. కీలును లిగమెంట్లు పట్టి ఉంచుతాయి. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవమే దానికి ప్రధాన పోషకం. కీలుపై భారం పడుతూ తొలగుతూ ఉండడం ఆ ద్రవ ప్రసారానికి తోడ్పడుతుంది. అనగా, తగిన కదలిక కీలుకు హాని కాదు, ఆహారం. పైగా ఆస్టియో ఆర్థరైటిస్ మృదులాస్థికే పరిమితమైన వ్యాధి కాదు. ఎముక, కీలుపొర, కండరాలు కూడా ఇందులో భాగమే. కనుకనే ఎక్స్‌రేలో కనిపించే మార్పుకు, రోగి అనుభవించే నొప్పికి పొంతన కుదరని సందర్భాలు ఉన్నాయి.

3. పునరావాస చికిత్స:
తొడ కండరాలను బలపరచే వ్యాయామం, క్రమబద్ధమైన నడక, బరువు తగ్గడం ఈ చికిత్సకు మూలాలు. స్థూలకాయులైన రోగులపై 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం, శరీరం బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోల మేర తగ్గుతుంది. డెన్మార్క్‌లో 2013 నుంచి రోగులకు వ్యాధి గురించి బోధిస్తూ, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం చేయించే కార్యక్రమం దేశవ్యాప్తంగా అమలవుతున్నది.

4. శస్త్రచికిత్సలు:

4.1 ఆర్థ్రోస్కోపీ: చిన్న రంధ్రాల ద్వారా కీలును శుభ్రపరచే ఈ పద్ధతిని హ్యూస్టన్‌లో 180 మంది ఆస్టియో ఆర్థరైటిస్ రోగులపై పరీక్షించారు. కొందరికి చర్మంపై కోతలు మాత్రమే పెట్టి, చికిత్స చేసినట్లు భావింపజేశారు. 2002లో వెలువడిన ఫలితాలలో ఆ రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. వయసుతో చినిగిన మెత్తల విషయంలో ఫిన్లాండ్ పరిశోధకులు 2013లో ఇటువంటి ఫలితాన్నే ప్రకటించారు.

4.2 లిగమెంట్ పునర్నిర్మాణం: స్వీడన్‌లో ముందరి క్రూసియేట్ లిగమెంట్ తెగిన 121 మంది యువతీయువకులపై జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. ముందుగా వ్యాయామ చికిత్స పొందిన 59 మందిలో 23 మందికి మాత్రమే రెండేళ్లలోపు శస్త్రచికిత్స అవసరమైంది. రెండేళ్ల తరువాత ఇరువర్గాల ఫలితాలు సమానంగానే ఉన్నాయి.

4.3 కీలుమార్పిడి: ‘మార్పిడి’ అన్నప్పటికీ ఇందులో కీలు మొత్తాన్ని తీసివేయరు. ఎముక కొనలను కొన్ని మిల్లీమీటర్ల మేర చెక్కి, లోహపు తొడుగులు వేసి, వాటి నడుమ ప్లాస్టిక్ పలకను అమర్చుతారు. డెన్మార్క్‌లో 100 మందిపై జరిగి, 2015లో వెలువడిన పరిశోధన ఇక్కడ ముఖ్యమైనది. శస్త్రచికిత్సతో పాటు వ్యాయామం కూడా చేసినవారిలో 85 శాతం మందికి, శస్త్రచికిత్స లేకుండా చికిత్స పొందినవారిలో 68 శాతం మందికి ఏడాదిలో చెప్పుకోదగిన ఉపశమనం కలిగింది. అయితే తీవ్రమైన దుష్ఫలితాలు మొదటి వర్గంలో 24, రెండవ వర్గంలో 6 నమోదయ్యాయి. రెండవ వర్గంలోని 50 మందిలో 13 మంది ఏడాదిలోపు శస్త్రచికిత్సకు వెళ్లారు. కావున కీలుమార్పిడి శక్తిమంతమైన చికిత్సే అయినా అందరికీ అది తొలిమెట్టు కాదు. అమర్చిన కీళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయని 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన విశ్లేషణ అంచనా వేసింది. భారతదేశంలో కృత్రిమ కీళ్ల ధరలపై 2017 ఆగస్టులో ప్రభుత్వం గరిష్ఠ పరిమితి విధించడంతో ఈ చికిత్స మరికొందరికి అందుబాటులోకి వచ్చింది. శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడా మోకాలు పూర్తిగా వంగడానికి, కండరం బలపడడానికి వ్యాయామం తప్పనిసరి.

5. పదం - నిర్ణయం:
ఎముక విరగడం, కీలులో చీము పట్టడం, మెత్త చిక్కుకొని మోకాలు బిగుసుకుపోవడం వంటి స్థితులకు తక్షణ చికిత్స కావాలి. వాటిని మినహాయిస్తే, పై పరిశోధనలు సూచించే క్రమం ఒక్కటే: మొదట వ్యాయామం, బరువు నియంత్రణ, అవి చాలనప్పుడు, నొప్పి నిత్యజీవనాన్ని అడ్డగించినప్పుడు శస్త్రచికిత్స. ‘అరిగిపోయింది’ అన్న మాట ఈ క్రమంలోని మొదటి మెట్టును చెరిపివేస్తుంది. నడక మానిన రోగి కండరం క్షీణిస్తుంది, నొప్పి పెరుగుతుంది. చివరకు ఆ పదమే నిజమైనట్లు తోస్తుంది. ‘కీలు బలహీనపడింది, సరైన వ్యాయామంతో బలపడగలదు’ అని చెప్పినప్పుడు రోగికి తాను చేయగలిగినది ఒకటుందన్న సంగతి తెలుస్తుంది.

6. ముగింపు:
వైద్యపదజాల నిర్మాణంలో ఇప్పటివరకు ఆంగ్లపదానికి సమానార్థకాన్ని వెదకడమే ప్రధాన లక్ష్యంగా ఉంటూ వచ్చింది. ఆ పదం విన్న రోగి ఏమి చేస్తాడన్న ప్రశ్న కూడా అందులో చేరవలసి ఉంది. ఆసుపత్రులలోని తెలుగు అంగీకార పత్రాలు, వైద్య కరపత్రాలు ఈ దృష్టితో పరిశోధించదగిన సామగ్రి. భాషాధ్యయనం, వైద్యం కలిసి పనిచేయవలసిన చోటు ఇదేనని చెప్పవచ్చు.