కార్యాలయ లేఖలలోని ఆంగ్ల పదములు - వాని సరియైన అర్థము

గ్రామ పంచాయతీలకు వచ్చు ఉత్తర్వులలో, మెమోలలో ఆంగ్ల పదములు తరచుగా కనబడుచుండుట సభ్యులందరును ఎరిగినదే. 1966వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము తెలుగును రాష్ట్రపు అధికార భాషగా చేసినది. అయినను ఇంజనీరింగు అంచనాలు, టెండరు షరతులు, బ్యాంకు పత్రములు మున్నగువానిలో ఆంగ్లము నేటికిని విశేషముగా వాడుకలో నున్నది.

ఇట్టి లేఖలలోని పెద్ద మాటల వలన అంతగా చిక్కు రాదు. తెలియని పెద్ద మాట కనబడినచో కార్యదర్శిని గాని, ఉపాధ్యాయుని గాని అడిగి తెలిసికొందుము. తెలిసినట్లే తోచు చిన్న మాటలే చిక్కు తెచ్చునవి. 'బై', 'ఫ్రమ్', 'ఆర్', 'మే', 'షల్' అనునట్టి మాటలను ఎవరును ఆగి చదువరు. కాని గడువు, ధనము, హక్కు అను మూడును వీనిపైననే ఆధారపడి యుండును. కావున వీనిలో ముఖ్యమైనవానిని ఇచట వివరించుచున్నాము.

గడువును తెలుపు మాటలు

'బై టెన్త్' అనగా 10వ తేదీలోగా పని ముగియవలెనని అర్థము. 'అన్‌టిల్ టెన్త్' అనగా 10వ తేదీ వరకు పని సాగుచుండవలెనని అర్థము. ట్యాంకు మరమ్మతు 'బై టెన్త్' అన్నచో 10వ తేదీకి ట్యాంకు సిద్ధముగా నుండవలెను. 'అన్‌టిల్ టెన్త్' అన్నచో అంతవరకు మరమ్మతు జరుగుచునే యుండును. ఆ దినములలో నీటికి వేరు ఏర్పాటు చేయవలెను. ఒక్క మాట తేడాతో ఊరికి నీరు ఉండుటయో, లేకుండుటయో తేలును.

'బిఫోర్ టెన్త్' అన్నపుడు 10వ తేదీ చేరదు; 9వ తేదీయే కడపటి దినము. 'ఆన్ ఆర్ బిఫోర్ టెన్త్' అన్నపుడు 10వ తేదీ కూడ చేరును.

దినములను లెక్కించు విధమును 1897వ సంవత్సరపు జనరల్ క్లాజెస్ చట్టము కేంద్ర చట్టముల విషయమున నిర్ణయించినది. 'ఫ్రమ్' అను మాట వాడినపుడు మొదటి దినము లెక్కకు రాదు. 'టు' అను మాట వాడినపుడు చివరి దినము లెక్కకు వచ్చును. సమాచార హక్కు చట్టము, 2005 ప్రకారము దరఖాస్తు అందిన 30 దినములలో సమాధానము ఈయవలెను. జూన్ 3వ తేదీన దరఖాస్తు అందినదనుకొందము. లెక్క జూన్ 4వ తేదీతో ఆరంభమై, జూలై 3వ తేదీతో 30 దినములు నిండును. దరఖాస్తుపై రైతు వ్రాసిన తేదీ ఇచట లెక్కకు రాదు. కార్యాలయమునకు అందిన తేదీయే ముఖ్యము. కావున కాగితము అందిన వెంటనే దానిపై తేదీ ముద్ర వేయుట చిన్న పని కాదు.

'క్లియర్ డేస్' అనునది మరియొక మాట. 'త్రీ క్లియర్ డేస్' నోటీసు అన్నపుడు నోటీసు అందిన దినమును, సమావేశ దినమును రెండింటిని విడిచి, నడుమ మూడు నిండు దినములు ఉండవలెను. సోమవారము నోటీసు అందినచో మంగళ, బుధ, గురువారములు గడచిన పిమ్మట శుక్రవారమునకు ముందు సమావేశము జరుపరాదు. ఈ లెక్క తప్పినచో ఆ సమావేశపు తీర్మానములే ఆక్షేపణకు గురికావచ్చును.

కనిష్ఠము - గరిష్ఠము

'నాట్ లెస్ దాన్' అనగా 'అంతకు తక్కువ కాకుండ'. ఇది అడుగు హద్దు. 'నాట్ ఎక్సీడింగ్', 'అప్ టు' అనగా 'అంతకు మించకుండ'. ఇది పై హద్దు. ఈ రెంటిని తారుమారు చేయుట తరచు జరుగు పొరపాటు.

అడుగు హద్దునకు మంచి ఉదాహరణము మన రాజ్యాంగముననే కలదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ, పంచాయతీ స్థానములలో మూడవ వంతునకు తక్కువ కాకుండ స్త్రీలకు ప్రత్యేకింపవలెనని చెప్పినది. 'మూడవ వంతు' అని మాత్రమే యున్నచో అంతటితో ఆగవలసి వచ్చెడిది. 'తక్కువ కాకుండ' అని యున్నందుననే రాష్ట్రములు దానిని పెంచుటకు వీలు కలిగినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టములు సగము స్థానములను స్త్రీలకు ప్రత్యేకించినవి.

పై హద్దునకు సమాచార హక్కు చట్టమే ఉదాహరణము. సరియైన కారణము లేక సమాచారము ఆలస్యము చేసిన అధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున జరిమానా విధింపవలెను. మొత్తము 25,000 రూపాయలకు మించరాదు. అనగా 100 దినములకు ఆ హద్దు నిండును. ఆ పిమ్మట ఆలస్యము ఎంత పెరిగినను జరిమానా పెరుగదు.

'అప్ టు 50,000 రూపీస్' సహాయము అను ప్రకటన చూచి, ప్రతివారికి 50,000 రూపాయలు వచ్చునని గ్రామస్థులకు చెప్పరాదు. అంతకు లోపల ఎంతయైనను రావచ్చును. ఆశ చూపి పిమ్మట కాదనుట కంటె మొదటనే సరిగా చెప్పుట మేలు.

'షల్' - 'మే'

చట్టములలో 'షల్' అనగా సాధారణముగా 'చేసి తీరవలెను'. 'మే' అనగా 'చేయవచ్చును'. 73వ సవరణలోనే ఈ రెండును కలవు. పంచాయతీలను ఏర్పరచు విషయమున 'షల్' అని యున్నది. పంచాయతీలకు అధికారములు అప్పగించు విషయమున శాసనసభ చట్టము 'మే' చేయవచ్చునని యున్నది. అందుచేతనే పంచాయతీలు చాల రాష్ట్రములలో ఏర్పడినను, పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములపై అధికారములు అన్ని రాష్ట్రములలో ఒకే తీరున లేవు. సందర్భమును బట్టి న్యాయస్థానములు ఈ మాటలకు వేరు అర్థము చెప్పుటయు కలదు. గాన వివాదము వచ్చినపుడు న్యాయవాదిని సంప్రదింపవలెను.

'ఆర్', 'యాండ్' అను మాటలును ఇట్టివే. రేషను కార్డు 'ఆర్' ఓటరు కార్డు అని యున్నచో ఏదో ఒకటి చాలును. ఒక కార్డుతో వచ్చిన వృద్ధురాలిని రెండవది లేదని త్రిప్పి పంపుట ఆ ఉత్తర్వునకు విరుద్ధము. 'యాండ్' అని యున్నచో రెండును కావలెను. ఆ మాట ముందుగానే చెప్పినచో ఆమెకు రెండవసారి నడచి వచ్చు శ్రమ తప్పును.

మంజూరువలె కనబడు మాటలు

'ఇన్ ప్రిన్సిపుల్ అప్రూవల్' అనగా సూత్రప్రాయమైన అంగీకారము మాత్రమే. అది ధనము మంజూరు కాదు. 'సబ్జెక్ట్ టు అవైలబిలిటీ ఆఫ్ ఫండ్స్' అనగా నిధులు ఉన్నయెడలనే అని అర్థము. పరిపాలనా మంజూరు వేరు, సాంకేతిక మంజూరు వేరు. ఈ మాటలను చూడక పని ఆరంభించినచో సిమెంటు దుకాణమునకు, కూలీలకు సమాధానము చెప్పవలసినది పంచాయతీయే. 'ఇన్ లూ ఆఫ్' అనగా 'దానికి బదులుగా'. 'దానితో పాటు' అని కాదు.

మనము సూచనలు ఇచ్చునపుడు

అర్థము గ్రహించుట సగము పని. దానిని గ్రామస్థులకు తెలియజెప్పుట మిగిలిన సగము. 'ఎట్ ది ఎర్లియెస్ట్', 'డూ ది నీడ్‌ఫుల్' అను మాటలు వినుటకు గంభీరముగా నుండును గాని, వానివలన ఎవరు, ఏమి, ఎప్పుడు చేయవలెనో తెలియదు. వానికి మారుగా పేరు, తేదీ, పరిమాణము వ్రాయవలెను.

నీటి శుద్ధి విషయమే చూడుడు. సాధారణముగా 1,000 లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు కావలసి యుండును. నీటి స్థితిని బట్టి ఈ మోతాదు మారును. 'పర్ థౌజండ్ లీటర్స్' అను మాటను విడిచి '2.5 గ్రాములు వేయుము' అని మాత్రము చెప్పినచో, 10,000 లీటర్ల ట్యాంకులో 25 గ్రాములకు బదులు పదవ వంతే పడును. నీరు శుద్ధియైనదని ఊరు నమ్మును. రోగము మాత్రము ఆగదు.

ఈ సూచనను ఇట్లు వ్రాయవచ్చును: "పంపు నడుపువారు ప్రతిదినము ఉదయము 5 గంటలకు, 10,000 లీటర్ల పెద్ద ట్యాంకులో 25 గ్రాముల బ్లీచింగు పౌడరును బకెట్టు నీటిలో కలిపి, తేరిన నీటిని మాత్రము పోయవలెను. కనీసము ఒక గంట గడచిన పిమ్మటనే కుళాయిలకు నీరు విడువవలెను. వేసిన పరిమాణమును, వేళను పుస్తకములో వ్రాయవలెను." ఇందు ఎవరు, ఎప్పుడు, ఎచట, ఎంత అను నాలుగు ప్రశ్నలకును సమాధానము కలదు.

ఉత్తర్వు వచ్చినపుడు సమావేశమున దానిని బిగ్గరగా చదివించి, గడువు మాటను, హద్దు మాటను, షరతు మాటను ఎర్ర సిరాతో గుర్తించి, వాని తెలుగు అర్థమును ప్రక్కన వ్రాయించుట మంచి అలవాటు. సందేహము మిగిలినచో మండల కార్యాలయమును లిఖితపూర్వకముగా అడుగవలెను. ఆంగ్లము రాకపోవుట లోపము కాదు. అర్థము కాని కాగితముపై సంతకము చేయుట ప్రమాదము. సభ్యుని సంతకము ఊరి సంతకమని గుర్తుంచుకొని, ప్రతి మాటకు అర్థము అడిగి తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు హక్కు మాత్రమే కాదు, విధి కూడ.