కట్టడముల భాగములు, వాని పేరులు

ఐరోపా చరిత్రము చదువు విద్యార్థికి క్లాసికల్, గోథిక్, రినైజాన్సు అను మూడు మాటలు తఱచుగా కానవచ్చును. వానివెంట పెడిమెంటు, బట్రెసు మొదలగు పేరులును వచ్చును. పరీక్షకొఱకు వీనిని వల్లించినవారు మరునాడే మఱచుట వింతగాదు. అయినను వీనిలో చాలభాగము ఒక్క పనికి సంబంధించిన పేరులే. పైనున్న బరువును నేలకు దింపుటయే ఆ పని. ఈ సంగతి మనస్సునందుంచుకొనినయెడల మన ప్రాంతపు కట్టడములే మనకు పాఠము చెప్పగలవు.

గ్రీకులు నిలువుస్తంభములమీద అడ్డుదూలముల నుంచి కట్టిరి. రాయి మీది బరువునకు ఓర్చును గాని వంపునకు ఓర్వదు. దూలము పొడుగైన నడుమ విఱుగును. కావుననే వారి స్తంభములు దగ్గఱదగ్గఱగా నుండును. స్తంభముయొక్క శిరోభాగమునకు క్యాపిటలు అని పేరు. అది సాదాగా నున్న డోరికు, పొట్టేలికొమ్ములవలె చుట్టలు తిరిగిన అయోనికు, ఆకులగుత్తివలె నున్న కోరింథియను. స్తంభములమీది దూలవరుస ఎంటాబ్లేచరు. దానిపై ముక్కోణపు ముఖభాగము పెడిమెంటు. 1803వ సంవత్సర ప్రాంతమున హైదరాబాదు కోఠీలో కిర్క్‌పాట్రికు దొర కట్టింప నారంభించిన రెసిడెన్సీ ముంగిట వీని నన్నిటిని చూడవచ్చును.

అంతదూరము పోలేనివారు భూపాలపల్లి జిల్లాలోని ఘనపురము కోటగుళ్లకైనను, 1213లో రేచర్ల రుద్రుడు ప్రతిష్ఠించిన పాలంపేట రామప్పగుడికైనను పోవచ్చును. అక్కడను స్తంభము, దూలము అను పద్ధతియే. మన శిల్పశాస్త్రములు ఈ భాగములకు ఏనాడో పేరులు పెట్టినవి. పీఠభాగము అధిష్ఠానము, స్తంభశిరస్సు బోదిక, దూలము ఉత్తరము, చూరు కపోతము, దూలమునుండి చూరువఱకు గల భాగమంతయు ప్రస్తరము. బోదిక ప్రక్కలకు చేతులు చాచినట్లుండుట కేవలము అందమునకే కాదు. దూలము ఆధారము లేక నిలువవలసిన దూరమును అది తగ్గించును. గ్రీకు పేరులు నేర్చిన మన బాలురు ఈ పేరులను ఎఱుగకుండుట నాకు కొఱతగా తోచును.

కమానుది వేఱు మార్గము. క్రింద సన్నముగా, పైన వెడల్పుగా చెక్కిన రాళ్లు ఒకదానినొకటి ఒత్తుకొని నిలుచును, నడినెత్తిరాయి కీస్టోను. అయితే కమాను ప్రక్కగోడలను వెలుపలికి త్రోయును. అర్ధచంద్రాకారపు కమాను ఎత్తు దాని వెడల్పులో సగమే. కొనదేరిన కమానునకు ఆ కట్టుబాటు లేదు. ఇఱుకుచోటనైనను ఎంత ఎత్తయినను లేపవచ్చును, త్రోపుడును తక్కువ. గోథిక్ శిల్పులు దీనిని చేపట్టి, కప్పు క్రింద ప్రక్కటెముకలవంటి రిబ్బులు వేసి, వెలుపల బట్రెసులనెడి ఊతగోడలు నిలిపిరి. బరువు గోడమీదినుండి తొలగెను గనుక గోడలో పెద్దపెద్ద కిటికీలు తెఱచి రంగుటద్దములు నింపగలిగిరి. గోథులను జాతివారికి దీనితో సంబంధము లేదు. తరువాతి కాలపు ఇటలీవారు అనాగరికమని ఎగతాళిగా పెట్టిన పేరది!

మెదకు దేవాలయము మన రాష్ట్రమున దీనికి గొప్ప ఉదాహరణము. పాస్నెట్టు దొరగారు 1914లో ఆరంభించి, కరవునకు చిక్కిన జనులకు పనిచూపి కూడు పెట్టుచు కట్టించిరి. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. గోపురము ఎత్తు 175 అడుగులు.

రినైజాన్సువారు ప్రాచీనుల స్తంభములను, పెడిమెంటులను మరల తెచ్చిరి. గోడకు అంటియుండు చదునైన స్తంభరూపము పిలాస్టరు. వారి ఘనకార్యము ఫ్లారెన్సు నగరమందలి గుమ్మటము. బ్రూనెలెస్కీ 1420లో మొదలిడి, నేలనుండి కొయ్యసారువ లేపకయే, ఒకదానిలో నొకటిగా రెండు పెంకులుగా దానిని 1436 నాటికి పూర్తిచేసెను.

గుమ్మటము మనకు క్రొత్తది కాదు. మసీదులమీదను గోరీలమీదను దానిని చూచుచునే యున్నాము. మహబూబాబాదు జిల్లా డోర్నకలులో ఆంగ్లికను సంఘపు మొదటి భారతీయ బిషప్పగు అజరయ్యగారికి దేవాలయము కట్టవలసివచ్చినప్పుడు ఎదుటనున్న ప్రశ్న యిదియే: ఇంగ్లండు రూపము తెచ్చుటయా, ఈ నేలమీది రూపము గైకొనుటయా? వారి సంఘస్థులు అత్యధికులు బీద పల్లెజనులు. అన్యమతముల గుర్తులు మనకేలయని శంకించువారికి జవాబు చెప్పుట సులభము కాదు. అయినను అజరయ్యగారు మసీదుల గుమ్మటములను, మీనారులను, గుడిమంటపముల రాతిస్తంభములను, తామరపువ్వును తీసికొని సిలువ క్రిందికి చేర్చిరి. 1939 జనవరి 6వ తేదీన, ప్రత్యక్షతా పండుగనాడు, అది ప్రతిష్ఠింపబడెను. మెదకు కట్టడము ఎంత సుందరమైనను దాని భాగములకు మన పల్లెవారియొద్ద పేరులు లేవు. డోర్నకలులో గుమ్మటము, మీనారు, స్తంభము, తామర అని చూచినవారందఱు చెప్పగలరు. నా మట్టుకు ఇదియే ఆ బిషప్పుగారి తెలివికి నిదర్శనము.

జనగామలో రైలెక్కినవారు కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు దాటి డోర్నకలు జంక్షనులో దిగవచ్చును. లోపలికి పోయినప్పుడు మొదట స్తంభముల పీఠములను, పిమ్మట శిరస్సులను చూచి, తరువాతనే గుమ్మటమువైపు తలయెత్తవలెను. బరువు దిగుదారి అప్పుడు తెలియును.