ఎర్రనేలకు వచ్చిన ఎర్ర నాచు

మా అనంతపురం జిల్లాలో సముద్రం మాట ఎత్తితే జనం కథ వింటున్నట్టు వింటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు. చిత్రావతిలో నీళ్ళు పారితే చూడడానికి బండ్లు కట్టుకుని పోయేవాళ్ళం. అటువంటి చోట బి.యస్సీ. చదువుతూ నేను పాలీసైఫోనియా అనే సముద్రపు నాచును నేర్చుకోవలసి వచ్చింది.

కాలేజీలో అది ఫార్మలిన్ సీసాలో వుండేది. దువ్వెనకు చిక్కుకున్న వెంట్రుకల ముద్దలా కనిపించేది. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన పెద్దమనిషి, “దీని రంగేమిటోయ్?” అని అడిగారు. చూసిందే చెప్పాను: “మట్టిరంగండి.” “మరి ఎర్ర నాచుల్లో ఎందుకు చేర్చారు?” నాకు నోరు పెగలలేదు. వేరుశనక్కాయలు అమ్మి నాయన కట్టిన ఫీజు ఆ ఏడాదికి వృథా అయింది.

ఆ ప్రశ్నకు జవాబు తర్వాత దొరికింది. రంగు కంటిని మోసం చేస్తుంది. ఫైకోఎరిత్రిన్ అనే ఎర్రని పదార్థం యీ నాచులో వుంటుంది గాని, పత్రహరితమూ తోడుగా వుండడంతో బతికున్న నాచు కూడా ఒక్కోసారి నల్లగానో, గోధుమ రంగుగానో కనిపిస్తుంది. సీసాలో వున్నదైతే అదీ వెలిసిపోతుంది. ఇంకొక గుర్తు వుంది. ఎర్ర నాచుల బీజకణాలకు తోక వుండదు. మగకణం నీటివాలున కొట్టుకుపోయి, ఆడకణం చాచిన సన్నని వెంట్రుకకు తగలవలసిందే. మా వూరి పిల్లల్లాగే దీనికీ ఈత రాదన్నమాట!

ఇక పేరు సంగతి. గ్రీకు భాషలో దానికి ‘అనేక గొట్టాలు’ అని అర్థం. కాడను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూడండి. నడుమ ఒక కణం, దాని చుట్టూ వలయంగా కొన్ని కణాలు, అన్నీ ఒకే ఎత్తు. ఇటువంటి వరసలు ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోతే కాడ అవుతుంది. చుట్టూ వుండేవి ఒక జాతిలో నాలుగే, మరో జాతిలో ఇరవై పైచిలుకు. అందుచేత వర్గీకరించేవాడు మొదట చేయవలసిన పని, వేళ్ళు ముడిచి లెక్కపెట్టడం! ఆ తరువాత రాతిని పట్టుకునే వేరుపోగును చూస్తారు. అది తన్ను పుట్టించిన కణంతో కలిసే వుందా, నడుమ గోడ కట్టుకుందా? యీ చిన్న గోడను కూడా గుర్తుగా పట్టుకుని 1999లో కొన్ని జాతులను నియోసైఫోనియా అని వేరు కాపురం పెట్టించారు. 2017లో జన్యువులను పోల్చిచూసిన వారు వాటిలో అనేకం మెలనోథామ్నస్‌లో కలిపారు. నన్ను పరీక్షించిన వారికీ యీ సంగతులు తెలిసే అవకాశం లేదు లెండి.

రెండోసారి పరీక్షకు ముందు విశాఖపట్నం వెళ్ళాను. ఆటు సమయంలో రాళ్ళమీద అది కుచ్చులు కుచ్చులుగా, ముదురెరుపున తడితడిగా మెరుస్తోంది. ఒక కుచ్చును కాగితంపై పరిచి ఒత్తి, ఇంటికి తెచ్చాను. పక్కన అడ్డుకోత బొమ్మ గీశాను.

ఆ వేసవిలోనే మా చేలో రెండు బోర్లు వేయించారు. రెంటిలోనూ దుమ్మే వచ్చింది. నాయన బొమ్మను చాలాసేపు చూసి అన్నాడు:

“ఏమప్పా, ఇన్ని గొట్టాలుండాయి గదా, ఒక్కదాంట్లోనన్నా నీళ్ళు పడినాయా?”

“ఇవి గొట్టాలు కావు నాయనా, కణాలు.”

నాయన కాగితం మీది నాచును వేలితో తడిమి, ఆ వేలు నాలుకకు రాసుకున్నాడు.

“ఉప్పగుండాదే!” అన్నాడు.